వానలో కారు రేడియో: గరగర చెప్పే కబురు

వాన పడితే రేడియో పాడవుతుందని మనలో చాలామందికి గట్టి నమ్మకం. కారులో దూరప్రయాణం చేస్తున్నప్పుడు మబ్బు పట్టగానే స్టేషను గరగరలాడటం, పాట మధ్యలో పటపటమని చప్పుళ్ళు రావడం అందరికీ అనుభవమే. డ్రైవరు "వాన కదండీ!" అని మీట తిప్పేసి, పెన్‌డ్రైవులో తనకిష్టమైన పాటలు పెట్టేస్తాడు. నిజానికి ఇందులో వాన చేసిన నేరం బహు స్వల్పం. అసలు నేరస్థుడెవరో, ఆ గరగర మనకేం చెబుతోందో విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఫిజిక్సు మిత్రులకు ఇందులో కొత్త ఏమీ లేకపోవచ్చు. వాళ్ళు నన్ను మన్నించి, పక్కనున్న ఆర్ట్సు మిత్రులకు అర్థంకానిచోట సాయపడాలని మనవి.

ముందు వాన సంగతి చూద్దాం. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి దశాబ్దాలపాటు 837 కిలోహెర్ట్జ్ మీద వినిపించింది. కాంతివేగాన్ని ఈ అంకెతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది: సుమారు 358 మీటర్లు. వానచినుకు ఎంత? కొన్ని మిల్లీమీటర్లు. ఏనుగు నడిచే దారిలో ఆవగింజలు చల్లితే ఏనుగు ఆగుతుందా? ఎఫ్.ఎం. తరంగం పొడవు మూడు మీటర్లే అయినా దానికీ చినుకు లెక్కలోనిది కాదు. ఇంటిమీది డిష్ టీవీ మాత్రం జడివానలో బొమ్మ పోగొట్టుకుంటుంది. ఎందుకంటే దాని తరంగం పొడవు రెండు మూడు సెంటీమీటర్లే, చినుకులు దాన్ని పీల్చుకోగలవు. డిష్ చేసిన తప్పును మనం రేడియోమీద మోపుతున్నామన్నమాట.

మరి గరగర ఎక్కడిది? మెరుపుది. ప్రతి మెరుపూ ఒక పెద్ద ట్రాన్స్‌మిటరే. దానికి స్టేషనంటూ లేదు, అన్ని పౌనఃపున్యాలమీదా ఒక్కసారి అరుస్తుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర దాని గొంతు మరీ పెద్దది. మీడియం వేవ్‌లో పాట తరంగం ఎత్తుపల్లాలుగా ప్రయాణం చేస్తుంది. మెరుపు వచ్చి ఆ ఎత్తుకి తన ఎత్తు కలుపుతుంది. రేడియో పాపం, ఏది పాటో ఏది పిడుగో తేల్చుకోలేక రెండూ వినిపిస్తుంది. ఎఫ్.ఎం.లో పాట ఎత్తులో కాదు, పౌనఃపున్యం మార్పులో దాగి ఉంటుంది. కాబట్టి ఎఫ్.ఎం. సెట్టు ఎత్తుపల్లాల్ని కత్తిరించి పారేస్తుంది. వాటితోపాటే మెరుపు గోలా పోతుంది.

అయితే ఎఫ్.ఎం. ఉండగా ఈ ముసలి మీడియం వేవ్ ఎందుకని మీరడగవచ్చు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి సుమారు 350 కిలోమీటర్ల దారిలో ఒక్కసారి వెళ్ళి చూడండి. ఎఫ్.ఎం. దాదాపు చూపులాగా సూటిగా పోతుంది. వంద మీటర్ల టవరుకి నలభై కిలోమీటర్ల దగ్గరే భూమి వంపు అడ్డొస్తుంది, ఆ పైన కొంతదూరం నీరసంగా వినిపించి ఊరుకుంటుంది. ఒక స్టేషను పోయి మరొకటి తగిలేదాకా బుసబుసలే. మీడియం వేవ్ అలా కాదు, భూమిని అంటిపెట్టుకుని పాకుతుంది. నేల తడిగా ఉంటే ఇంకా సుఖంగా పాకుతుంది, ఉప్పునీటిమీదైతే చెప్పనే అక్కర్లేదు. అంటే వాన దానికి శత్రువు కాదు సరికదా, నేలను తడిపి ఓ చెయ్యి సాయం కూడా చేస్తుంది!

చీకటి పడ్డాక మరో చిత్రం. పగలు ఎండవల్ల ఆకాశంలో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ని పైకి పోనివ్వకుండా మింగేస్తుంది. రాత్రి ఆ పొర కరిగిపోయి, తరంగాలు ఇంకా పైనున్న పొరకి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. అందుకే తుని దాటాక ఏ తమిళ స్టేషనో, హిందీ స్టేషనో మన పాటలో తలదూరుస్తుంది. దూరపు మెరుపుల గోల కూడా అదే దారిన వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా రాత్రి రేడియో పటపటలాడటానికి కారణమిదే.

కారు గోల కూడా కొంత ఉంటుంది. పెట్రోలు బండిలో స్పార్కుప్లగ్గు ఓ బుల్లి మెరుపు. వైపరు మోటారు కూడా నిప్పురవ్వలు రాలుస్తుంది. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ ఈల హెచ్చితే తప్పు ఇంజనుదీ, వైపరు ఆపగానే గరగర తగ్గితే తప్పు వైపరుదీ. ఆకాశాన్ని తిట్టేముందు ఈ పరీక్ష చెయ్యండి. (వైపరు ఆపే పరీక్ష బండి నిలిపాకే సుమా!)

ఇక చెవి సంగతి. రేకుమీద పడే వానచప్పుడులో అన్ని శ్రుతులూ కలిసి ఉంటాయి, అందుచేత మెల్లని ధ్వనుల్ని అది కప్పేస్తుంది. ఆలాపన సన్నని మలుపులు, వేణువు మెల్లగా తీసుకునే ఊపిరి ముందుగా పోతాయి. నాదస్వరం, డోలు నిలుస్తాయి. అలాగని శబ్దం పెంచుకుంటూ పోతే వెనకనుంచి వచ్చే లారీ హారను వినబడదు. జోరువానలో కచ్చేరీ కన్నా వార్తలు, మాటల కార్యక్రమం మేలని నా అభిప్రాయం.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. పెన్‌డ్రైవులో పాటకి గరగర లేదు, నిజమే. కాని అది బయట ఏం జరుగుతోందో చెప్పదు. మీడియం వేవ్ పటపట చెబుతుంది. పటపట ఉండి ఉరుము వినబడకపోతే మబ్బు ఇంకా దూరాన ఉన్నట్టు. చప్పుళ్ళు పెద్దవై, దగ్గర దగ్గరగా వస్తుంటే చాలావరకు అది మనవైపు వస్తున్నట్టే. పటపట విన్న క్షణం నుంచి ఉరుము వినేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. లెక్క పదికి దిగితే చెట్టుకింద నిలబడే ఆలోచన మానండి. అద్దాలు ఎత్తి, ఇనుప భాగాలు తాకకుండా కారులోనే కూర్చోవడం క్షేమం. పిడుగు కారుకి తగిలినా రేకుమీదుగానే నేలలోకి దిగుతుంది.

మన కోస్తావాళ్ళకి ఇది కాలక్షేపం కబురు కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖమీద పడ్డప్పుడు టవర్లు కూలి సెల్‌ఫోన్లు మూగపోయాయి. ఊళ్ళో టవర్లు ఒరిగినా, వంద కిలోమీటర్ల అవతల ఒక్క మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు నిలబడితే చాలు, దాని గొంతు మనదాకా వస్తుంది. తుఫాను వేళ రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు మొత్తం పదకొండు. పదోదాన్ని మించింది ఇంకేముంటుందని అనుకుంటాం. పదకొండోదానికి అర్థం ఇది: తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి. గాలి కన్నా, అల కన్నా కబురు అందకపోవడమే పెద్ద ప్రమాదమని ఆ వరస పెట్టినవాళ్ళు ఎరిగే ఉంటారు.

ఇవాళ దేశంలో కొన్ని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి. కొత్త కార్లు కొన్నిటిలో ఆ మీటే ఉండటం లేదు. కరెంటు కార్ల మోటార్ల గోల పడలేక కొన్ని కంపెనీలు దాన్ని తీసేశాయి కూడా. కారు కొనేవాళ్ళు రంగు, సీటు, అద్దాలు అన్నీ చూస్తారు. మీడియం వేవ్ ఉందా అని కూడా ఒక మాట అడగండి. లేదంటే కనీసం ఓ చిన్న ట్రాన్సిస్టరు, నాలుగు బ్యాటరీలు డిక్కీలో పడేసుకోండి. దాని గరగర విసుగు పుట్టిస్తే పుట్టించనివ్వండి.