మీకు తెలుసా? కొత్త బోరుకు తుది మెరుగు రోడ్డు మీదే!

బోరు చేయించిన బైకు సిలిండర్‌ను బిగించకముందే ఒక్కసారి చేతిలోకి తీసుకుని లోపలికి చూడండి. గోడ నిండా ఏటవాలు గీతలు, వల అల్లినట్టు సన్నగా కనిపిస్తాయి. గోటితో రాస్తే గరుకు తగులుతుంది. హోనింగ్ రాళ్లతో కావాలనే పెట్టిన గరుకది. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. వాటి మధ్య మిట్టలు పిస్టన్ రింగుల రాపిడికి అరిగి, రింగూ గోడా ఒకదానికొకటి ఒదుగుతాయి. లేత్ షాపువాళ్లు ఎంత బాగా చేసినా ఈ ఒదుగుడు మాత్రం బండి నడిస్తేనే వస్తుంది.

‘మొదటి 500 కిలోమీటర్లు 40 దాటించకు’ అంటాడు మెకానిక్. మంచి మాటే, కానీ సగమే. బాగా తోలితే కొత్త పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌లో పట్టేస్తుంది, నిజమే. అయితే రింగును గోడకు అదిమేది దాని సొంత బిగువొక్కటే అనుకోకండి. మండిన గ్యాస్ రింగు వెనక్కి చేరి బయటికి నెడుతుంది. ఇంజిన్‌పై లోడే లేకపోతే ఆ ఒత్తిడి చాలదు. స్టాండు వేసి గంటలకొద్దీ స్టార్టింగ్‌లో ఉంచితే గోడమీది ఆయిల్ మాడి వార్నిష్‌లా పేరుకుంటుంది. ఇక రింగులు కూర్చోవు. సైలెన్సర్‌లోంచి నీలంపొగ మొదలవుతుంది, ఆయిల్ తగ్గిపోతుంటుంది.

కాబట్టి ఒకే వేగంతో పోకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపండి. టాప్ గేర్‌లో ముక్కుతుంటే వెంటనే గేరు తగ్గించండి. దూరప్రయాణం కొన్నాళ్లు వద్దు.

కొత్త రుబ్బురోట్లో తొలిసారి రుబ్బింది రాతిపొడి ఉంటుందని పారబోస్తాం కదా, మొదటి ఆయిల్ కూడా అంతే. దాన్ని తీసినప్పుడు ఎండలో పట్టి చూడండి, లోహపు రజను తళుక్కుమంటుంది. 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపే మార్చేయాలి.

ఇప్పటి ఫ్యాక్టరీల్లో చాలావరకు సిలిండర్ గోడమీది ఆ మిట్టల్ని ముందే నునుపు చేసి పంపుతున్నారు. అందుకే కొత్త బండ్లకు పూర్వమంత పథ్యం అక్కర్లేదు, మాన్యువల్‌లో రాసింది పాటిస్తే చాలు. బోరు చేయించిన ఇంజిన్‌కు మాత్రం పథ్యం తప్పదు. పాత బైకుల్లో చాలావాటికి, బోరు పెద్దదయ్యేకొద్దీ వేసే ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో వస్తాయి. పిస్టన్ పట్టేసి (సీజ్ అయి) మళ్లీ బోరు చేయించిన ప్రతిసారీ కనీసం ఒక మెట్టు పోయినట్టే, ఆఖరిది దాటితే సిలిండర్‌కు కొత్త స్లీవ్ వేయించాల్సిందే. మీ పిస్టన్ తలమీద ఏ అంకె ఉందో బిగించకముందే చూసుకోండి.