నాన్నగారి రాత్రి మాత్ర

పెద్దవాళ్ళున్న ఇంట్లో అర్ధరాత్రి పూట ఒక తలుపు చప్పుడు వినిపిస్తూ వుంటుంది. పడకగది తలుపు కిర్రుమంటుంది. పెరటి వైపు దీపం వెలుగుతుంది. అది ఎంతసేపటికి గాని ఆరదు. గంట తిరిగేసరికి మళ్ళీ అదే తలుపు, అదే దీపం. తక్కినవాళ్ళు ఇటునుంచి అటు ఒత్తిగిలి, "పాపం, పెద్ద వయసు!" అనుకుని నిద్రపోతారు. మా ఇంట్లో మేమూ అలాగే మూడేళ్ళపాటు హాయిగా నిద్రపోయాము.

మా నాన్నగారికి డెబ్భై నాలుగేళ్ళు. హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కాఫీ అంటే ప్రాణం. అటువంటి మనిషి బస్సెక్కవలసిన రోజున పొద్దుటినుంచీ కాఫీ మాట అటుంచి, మంచినీళ్ళయినా ముట్టడం మానేశారు. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకు ఎలా వున్నాడో చూడకముందే మరుగుదొడ్డి ఎటువైపున వుందో చూసుకునేవారు. పురాణ కాలక్షేపానికి వెళితే ద్వారం పక్కనే కూచునేవారు. ముందు వరసలోకి రమ్మని ఎవరెంత పిలిచినా కదిలేవారు కారు. అదంతా వైరాగ్యం కాబోలుననుకున్నాము. "డాక్టరుకు చూపిద్దాం నాన్నగారూ" అని ఒకసారి నేనంటే, "ఊళ్ళో వున్న డాక్టర్లలో ఇద్దరు నా శిష్యులురా. బెత్తం పట్టుకుని నిలబడ్డ చోట వెళ్ళి లఘుశంక సంగతి చెప్పుకోమంటావా?" అని నా నోరు మూయించారు.

ఆయన నోరు తెరిపించింది ఒక జలుబు మాత్ర.

మొన్న మాఘమాసంలో అమలాపురంలో బంధువులింట పెళ్ళి. నాన్నగారికి జలుబు చేసింది. పెళ్ళివారిలో ఎవరో పుణ్యాత్ముడు తన జేబులోని మాత్రలు రెండిచ్చాడు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నారు. జలుబు కట్టింది. దానితో పాటు మూత్రమూ కట్టింది. తెల్లవారేసరికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయి, ముఖాన చెమటలు పట్టి, మాట పెగలకుండా మంచంకోడు పట్టుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో గొట్టం వేసి తీస్తే ముప్పాతిక లీటరు పైగా వచ్చింది. ఆ తరవాత ఆయన కళ్ళు మూసుకుని "రామా!" అన్న మాట నేను బతికున్నంతకాలం మరిచిపోను. బెత్తం దెబ్బలు తిన్న శిష్యుడే ఆ గొట్టం వేశాడన్నది వేరే సంగతి.

గుప్పిట్లో గొట్టం

ఇదేమిటని అడిగితే డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ఆయన చెప్పినదీ, ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మగవారికి మూత్రాశయం అడుగున ప్రోస్టేట్ అనే గ్రంథి ఒకటుంటుంది. మూత్రనాళం దాని నడుమనుంచే కిందికి దిగుతుంది. పడుచువయసులో అది అక్రోటు కాయంత వుండి, సుమారు 20 గ్రాములు తూగుతుంది. నలభై దాటాక మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. యాభైలలో వున్న మగవారిలో సగంమందికి, ఎనభై దాటినవారిలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. అందరికీ బాధ వుండదు. కొందరికి గ్రంథి చాలా పెరిగినా బాధ తక్కువే. కొందరికి కొద్దిగా పెరిగినా నిద్ర వుండదు. ఇది కేన్సరు కాదు, కేన్సరుగా మారదు కూడా. అయితే కేన్సరూ ఆ గ్రంథికే, ఆ వయసులోనే రావచ్చు గనుక డాక్టరు ఒకసారి పరీక్షించి చూడడం అవసరం.

ఈ బాధ మనవాళ్ళకు కొత్తది కాదు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో మూత్రాఘాతాలు పన్నెండు రకాలని చెప్పి, అందులో వాతాష్ఠీల అనే దానిని వర్ణించాడు. మూత్రాశయానికీ మలమార్గానికీ నడుమ గుండ్రని రాయిలా గట్టిగా లేచి, దారికి అడ్డుపడే గడ్డ అది. ప్రోస్టేట్ వుండే చోటు సరిగ్గా అదే!

అడ్డు రెండు విధాలుగా వస్తుంది. తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నారనుకోండి. గుప్పిట ఎంత పెద్దదన్నది ఒక సంగతి. దాన్ని ఎంత గట్టిగా బిగించారన్నది మరొక సంగతి. ప్రోస్టేట్ లోనూ, మూత్రాశయం మెడలోనూ మన ఇష్టంతో పనిలేకుండా బిగుసుకునే కండరాలున్నాయి. గ్రంథి పెరగడం గుప్పిట పెద్దది కావడం. ఈ కండరాలు బిగియడం గుప్పిట బిగియడం.

బిగించమని ఆజ్ఞ వచ్చేది నరాలనుంచి. ఆ ఆజ్ఞను అందుకునే బొత్తాముల వంటివి కండరాలపైన వుంటాయి. 1948లో అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటివి రెండు జాతులున్నాయని ఊహించి, ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. 1975లో జెరూసలేంలోని మార్కో కేన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రోస్టేట్ లో ఆల్ఫా జాతివి వున్నాయని చూపించారు. వాటిని మూసివేసే మందు ఇస్తే రోగికి సుఖంగా వుంటున్నదని ఆ మరుసటి ఏడు ప్రకటించారు. అంతకు ముందు ఈ బాధపడే ముసలివారికి వున్నవి రెండే దారులు. ఓర్చుకోవడం, లేదా కత్తికి ఒప్పుకోవడం.

మొదటి మందు ఫినాక్సీబెంజమిన్ పని చేసేది గాని, మనిషిని కళ్ళు తిరిగి తూలేటట్టు చేసేది. తరవాత వచ్చినవి క్రమంగా మెరుగైనాయి. అమెరికాలో ఈ జబ్బుకు టెరజోసిన్‌ను 1993లోనూ, డాక్సజోసిన్‌ను 1995లోనూ అనుమతించారు. జపానులో పుట్టిన టామ్సులోసిన్ అక్కడ 1993లోనే వచ్చింది, అమెరికాకు 1997లో చేరింది. ఆల్ఫుజోసిన్ 2003లో, సైలోడోసిన్ 2008లో వచ్చాయి. ఈ ఆల్ఫా బొత్తాములు రక్తనాళాలపైన కూడా వుంటాయి. వాటినీ మూసివేస్తే రక్తపోటు పడిపోతుంది. టామ్సులోసిన్, సైలోడోసిన్ ఎక్కువగా ప్రోస్టేట్ లోని రకాన్నే వెతికి పట్టుకుంటాయి గనుక రక్తపోటును అంతగా దించవు. అంతగా దించవన్నానే గాని, అసలు దించవనలేదు. ఆ తేడా ఏమిటో మాకు తరవాత తెలిసి వచ్చింది.

జలుబు మాత్ర చేసిన అపకారం ఇప్పుడు మీకే బోధపడి వుంటుంది. ముక్కు దిబ్బడ తగ్గించడానికి అందులో వేసే ఫినైలెఫ్రిన్ వంటి మందు సరిగ్గా ఆ ఆల్ఫా బొత్తామునే నొక్కుతుంది. ముక్కులో రక్తనాళాలు ముడుచుకుంటాయి, కింద గుప్పిట బిగుస్తుంది. దానికి తోడుగా తుమ్ములు తగ్గడానికి కలిపే మందు మూత్రాశయం బలాన్ని తగ్గిస్తుంది. ద్వారం మూసి, లోపలివాడి చేతులు కట్టివేసినట్టయింది.

ముప్పై అయిదుకు ఇరవై రెండు

నాన్నగారికి టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల గొట్టపుమాత్ర రోజుకొకటి రాశారు. మూడోనాడు గొట్టం తీసి చూస్తే, దేవుడి దయవల్ల, మూత్రం దానంతటదే వచ్చింది. తరవాత డాక్టరుగారు ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ధార సన్నగా వస్తుందా, ఆగి ఆగి వస్తుందా, ఆపుకోలేకపోతారా, ముక్కవలసి వస్తుందా, ఇలాంటివి. ప్రశ్నకు 5 మార్కులు, మొత్తం 35. ఏడు దాకా వస్తే స్వల్పం, పందొమ్మిది దాకా మధ్యమం, ఆపైన తీవ్రం. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని పరీక్షరాసినట్టే రాశారు. 22 వచ్చాయి.

"ఇన్నేళ్ళూ ఇంత బాధ పడుతూ చెప్పలేదా మాస్టారూ?" అన్నారు డాక్టరుగారు.

"మార్కులు తక్కువొచ్చిన కుర్రాడు చెప్పడని విన్నాను గాని, ఎక్కువొచ్చినా చెప్పుకోలేమని నాకిప్పుడే తెలిసిందోయ్" అన్నారు నాన్నగారు.

రెండు వారాలలో ధార బాగుపడింది. రాత్రి నాలుగైదు సార్లు లేచేవారు రెండుసార్లకు దిగారు. అమ్మ ముఖాన నిద్ర కళ వచ్చింది. అంతా సుఖంగా వుందనుకుంటూ వుండగా ఏకాదశి వచ్చింది.

ఏకాదశినాటి మాట

మాత్ర రోజూ ఒకే భోజనం అయిన అరగంటకు వేసుకోవాలి, నమలకూడదు, విప్పి పొడి కలుపుకోకూడదు అని డాక్టరుగారు చెప్పారు. నాన్నగారు రాత్రి భోజనం తరవాత వేసుకునేవారు. ఏకాదశినాడు ఆయన ఉపవాసం. భోజనం లేదు గాని, మాత్ర మానకూడదన్నారు గదా! తొమ్మిది గంటలకు ఖాళీ కడుపున వేసుకుని పడుకున్నారు. రెండు గంటల వేళ లేచి నిలబడ్డారట, అంతే. చప్పుడుకు మేము పరుగెత్తి వెళ్ళేసరికి గడపమీద పడివున్నారు. ద్వారబంధం తగిలి నుదుట మూడు కుట్లు పడ్డాయి. అది తుంటి ఎముక అయివుంటే?

కడుపు ఖాళీగా వుంటే ఈ మందు ఒక్కుమ్మడిగా, ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. ఆయన రక్తపోటుకు కూడా మాత్ర వాడుతున్నారు. పైగా పగలంతా నీళ్ళయినా సరిగా తాగలేదు. పడుకున్నవారు లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగిపోయి, తలకు అందలేదు. భోజనం తరవాత వేసుకోమని మేమందరం చెప్పాము. ఎందుకో ఒక్కరమూ చెప్పలేదు, అడగనూ లేదు. ఏకాదశినాడు ఏం చెయ్యాలో మందుల చీటీ మీద వుండదు మరి.

మర్నాటినుంచి నాన్నగారు "ఆ మాత్ర నాకొద్దురా" అన్నారు. వారం రోజులు మానేశారు. మళ్ళీ తలుపు చప్పుడు మొదలైంది. నేను బతిమాలాను, అమ్మ అలిగింది, లాభం లేకపోయింది. ఒకరోజు రాత్రి ఆయనే నన్ను పిలిచి, "ఏరా, మళ్ళీ ఆ గొట్టం వెయ్యవలసి వస్తుందంటావా?" అని మెల్లగా అడిగారు. ఆ గొంతులో భయం నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. మర్నాడు డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. కొన్నాళ్ళు మానినవారు తమంతట తాము మళ్ళీ మొదలుపెట్టకూడదనీ, టెరజోసిన్ వంటివైతే చిన్న మోతాదునుంచి మళ్ళీ ఎక్కవలసి వుంటుందనీ ఆయన చెప్పారు. రక్తపోటు చూసి, దాని మాత్ర వేళ మార్చి, ఉపవాసంనాడు ఫలహారమైనా కడుపు నిండా తిని గాని ఇది వేసుకోవద్దన్నారు. రాత్రి లేచేటప్పుడు మంచంమీద కూర్చుని ఇరవై అంకెలు లెక్కపెట్టి మరీ నిలబడమన్నారు. నాన్నగారు అంకెలకు బదులు విష్ణునామాలు లెక్కపెడుతున్నారు. పని ఒకటే.

చెప్పవలసినవారికి చెప్పాలి

ఆ తరవాత కంటి శుక్లాల ఆపరేషను వచ్చింది. ఏ మందులు వాడుతున్నారని కంటి డాక్టరు అడిగితే, నాన్నగారు రక్తపోటు మాత్ర పేరు చెప్పి ఊరుకున్నారు. "కంటికీ దానికీ సంబంధమేమిటిరా?" అని నా మీద కళ్ళెర్రజేశారు. సంబంధముంది. ఈ మందు వాడేవారిలో కంటిపాప చుట్టూ వుండే నల్లతెర బిగువు తప్పి, ఆపరేషను నడుమ పాప ముడుచుకుపోవచ్చునని 2005లో అమెరికాలో ఇద్దరు కంటి వైద్యులు వెల్లడించారు. ముందే తెలిస్తే డాక్టరు తగిన జాగ్రత్త పడతాడు. తెలియకపోతేనే ప్రమాదం. మాత్ర మానేసి చాలాకాలమైనా సరే, చెప్పి తీరాలి. నేను చెప్పాను. ఆపరేషను చక్కగా జరిగింది.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. ఈ మందులవల్ల కొందరికి, ముఖ్యంగా సైలోడోసిన్ వాడేవారికి, వీర్యం బయటకు రావడం తగ్గుతుంది, లేదా అసలు రాదు. దానివల్ల ఒంటికి హాని లేదు. మందు మానితే మామూలైపోతుంది. ఆ మాట ముందుగా తెలియక, ఏమో అయిపోయిందని భయపడి ఎవరికీ చెప్పకుండా మందు మానేసేవారున్నారు. అలాగే సిల్డెనాఫిల్ వంటి మాత్రలు గుట్టుగా వాడేవారు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇంకొక భ్రమ కూడా పోవాలి. ఈ మాత్ర గుప్పిటను వదులు చేస్తుంది గాని, చిన్నది చెయ్యదు. 2003లో అమెరికాలో మూడువేల మందికి పైగా మగవారిమీద జరిగిన పెద్ద పరిశీలనలో, గ్రంథిని కుదించే ఫినాస్టరైడ్ కూడా ఈ జాతి మందైన డాక్సజోసిన్‌కు జతచేస్తే జబ్బు ముదరడం బాగా తగ్గుతుందని తేలింది. ఆ మందు ఫలితానికి ఆరునెలలు ఓపిక పట్టాలి. అది కేన్సరు కోసం చేసే పి.ఎస్.ఎ. రక్తపరీక్షలో అంకెను సుమారు సగానికి దించుతుంది గనుక పరీక్ష చేసేవారికి ఆ మాట చెప్పాలి. మందులకు లొంగనివారికి ఆపరేషను వుండనే వుంది. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, బొత్తిగా బిగిసిపోయినా మాత్రను నమ్ముకుని ఇంట్లో కూచోరాదు.

నాన్నగారికి మొన్న మళ్ళీ ఆ ఏడు ప్రశ్నల పరీక్ష జరిగింది. 11 వచ్చాయి. "సగానికి సగం తగ్గాయి మాస్టారూ, పాసయ్యారు" అన్నారు డాక్టరుగారు. రాత్రి తలుపు చప్పుడు ఇప్పటికీ ఒకసారి వినిపిస్తుంది. కాని ఇప్పుడు నాకు మెలకువ వస్తుంది. మంచంమీద కూర్చుని ఆయన నామాలు లెక్కపెట్టడం పూర్తయి, అడుగుల చప్పుడు పెరటిదాకా వెళ్ళి తిరిగి వచ్చేదాకా నేను నిద్రపోను. మీ ఇంట్లో కూడా ఆ తలుపు చప్పుడవుతూ వుంటే, "పాపం, పెద్ద వయసు" అని ఒత్తిగిలకండి. లేచి ఒక్కమాట అడగండి.

పోయిన నెలలో రాజమండ్రినుంచి అమలాపురానికి మళ్ళీ ప్రయాణమయ్యాము. రావులపాలెంలో బస్సు ఆగింది. నాన్నగారు అలవాటు చొప్పున మరుగుదొడ్డి ఎటువుందో ఒకసారి చూశారు. తరవాత నావైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, బస్సు కదలడానికి ఎంత టైముంది?" అన్నారు.

"పది నిమిషాలుంది నాన్నగారూ."

"అయితే రెండు కాఫీలు చెప్పు."