పైసా పందెం లేని పేకాట

రమ్మీలో ముక్కలు పంచడం అయ్యాక ఒక చిన్న తంతు ఉంటుంది. మిగిలిన కట్టలోంచి ఒక ముక్క లాగి, అందరికీ చూపించి, కట్ట కింద అడ్డంగా దూరుస్తారు. లాగింది ఏడు అయితే ఆ ఆటకు ఏడులన్నీ జోకర్లే. చేతిలో రెండు ఏడులున్నవాడి ముఖం వెలుగుతుంది, దాచుకుందామన్నా దాగదు. తర్వాతి ఆటకు ఆ ఏడులు మళ్లీ ఎందుకూ కొరగాని ముక్కలు. కర్నూలు పాతబస్తీ అరుగుల మీదైనా, కడపలో పెళ్లివారి విడిదిలోనైనా ఇదే పద్ధతి. ముక్క మీది బొమ్మ అలాగే ఉంటుంది, దాని విలువ మాత్రం పంపకం పంపకానికీ మారిపోతుంది.

ఈ ఒక్క ఉపాయాన్ని పట్టుకుని సాగదీస్తే ఎంత దూరం పోతుందో 2024 ఫిబ్రవరి 20న వచ్చిన బలాట్రో అనే వీడియో గేమ్ చూపించింది. పోకర్ ముక్కలతో ఆడే ఆట అది. ఎదురుగా మరో ఆటగాడు ఉండడు. పందెం ఉండదు. ఒకసారి కొన్నాక మళ్లీ రూపాయి అడగదు. జోకర్లు మాత్రం నూటయాభై రకాలు. ఒక్కో జోకరు ఒక్కో నియమాన్ని మారుస్తుంది.

కెనడాలోని సస్కాచెవాన్ ప్రాంతపు ప్రోగ్రామరు ఒకతను దాదాపు ఒంటిచేత్తో దీన్ని తయారుచేశాడు. లోకల్‌థంక్ అన్న మారుపేరే తప్ప అసలు పేరు బయటపెట్టలేదు. 2021 డిసెంబరులో సరదాకి మొదలుపెట్టాడు. వాడింది లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష, లవ్ అనే ఉచిత ఇంజను. అమ్ముకుందామన్న ఉద్దేశం మొదట్లో లేదట. విడుదలైన నెల రోజుల్లో పది లక్షల ప్రతులు, 2025 జనవరికి యాభై లక్షలు అమ్ముడుపోయాయి. 2024 డిసెంబరులో జరిగిన గేమ్ అవార్డుల్లో మూడు బహుమతులు వచ్చాయి. ఇంతకీ అతనేమీ పోకర్‌లో మునిగి తేలినవాడు కాదు. అతనికి దారి చూపింది బిగ్ టూ అనే చైనా పేకాట, అద్దె కట్టడానికి స్లాట్ మెషీన్ తిప్పే లక్ బీ ఎ ల్యాండ్‌లార్డ్ అనే మరో చిన్న గేమ్.

ముక్క విలువను నియమం చేత మార్పించడం సీమకు కొత్తేమీ కాదు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు మన చేతుల్లోకి రాకముందు దక్కనులో ఆడింది గంజీఫా. గుండ్రని ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు, పైన లక్కపూత. అవి తయారైన ఊళ్లలో కర్నూలు జిల్లా నొస్సం ఒకటి. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. దశావతార గంజీఫాలో పది జాతులు, జాతికి పన్నెండు చొప్పున 120 ముక్కలు: రాజు, మంత్రి, ఆపైన ఒకటి నుంచి పది దాకా అంకెలు. సగం జాతుల్లో మంత్రి తర్వాత పెద్దది పది. మిగతా సగంలో లెక్క తిరగబడుతుంది, ఒకటి పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది. పగటిపూట ఆడితే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆట ఎత్తాలి, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్లు ఎత్తాలి. పొద్దు గుంకిందా లేదా అన్నది కూడా ఆటలో భాగమే. బలాట్రో జోకర్ల జాబితా చూస్తుంటే నాకు పోకర్ కన్నా ఈ ఆటే ఎక్కువ గుర్తొస్తుంది.

జోకరు వయసు అంత ఎక్కువ కాదు. 1860ల అమెరికాలో యూకర్ అనే ఆటకు అన్నిటినీ కొట్టే ముక్క ఒకటి కావలసివచ్చి పుట్టింది. రమ్మీలోకి వచ్చాక ఏ ముక్కకు బదులైనా నిలబడే తోడుముక్క అయింది. బలాట్రోలో దానికి ఇంకో ఉద్యోగం. అక్కడ జోకరు చేతిలోకి రాదు, పైన వరసలో కూర్చుని మనం వేసిన ముక్కల లెక్కను మారుస్తుంది.

పేకాట వంశం సరే, బలాట్రోకు ఉన్న రెండో వంశం కంప్యూటర్లది. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ రోగ్ అనే ఆట రాశారు. తర్వాత కెన్ ఆర్నాల్డ్ వాళ్లతో కలిశాడు. తెర మీద అక్షరాలతో గీసిన నేలమాళిగ, ప్రతిసారీ కొత్తగా అల్లుకునే గదులు. చచ్చిపోతే అంతే సంగతులు, మళ్లీ మొదటినుంచే. ఈ రెండు లక్షణాలున్న ఆటలకు రోగ్‌లైక్ అన్న పేరు నిలిచిపోయింది. 2008లో డొనాల్డ్ వకరీనో తయారుచేసిన డొమినియన్ అనే బల్లమీది ఆట ఇంకో దారి చూపించింది. అందరూ పది బలహీనమైన కార్డులతో మొదలుపెట్టి, ఆడుతూ ఆడుతూ కొత్తవి కొనుక్కుంటూ ఎవరి పేకను వాళ్లు కట్టుకోవాలి. మెగా క్రిట్ సంస్థ ఈ రెండు దారులనూ కలిపి స్లే ద స్పైర్ తీసుకొచ్చింది. 2017లో అసంపూర్తిగా, 2019లో పూర్తిగా వచ్చిన ఆ ఆటను అనుకరించినవి లెక్కలేనన్ని. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న ఆ కార్డుల స్థానంలో తాతలనాటి యాభైరెండు ముక్కలు పెట్టడమే బలాట్రో చేసిన సాహసం. నేర్పించాల్సిన పని సగం తప్పింది. జత, మూడు, సీక్వెన్స్, కలర్ అంటే ఏమిటో మూడు ముక్కలాట చూసినవాడికి వేరే చెప్పాలా? బలాట్రో వచ్చిన ఏడాదే ఆగస్టులో ఇరవైయొకటి ఆటను ఇలాగే మార్చిన డంజన్స్ అండ్ డిజెనరేట్ గ్యాంబ్లర్స్ కూడా వచ్చింది. హాస్యం బాగుంది, లెక్కలో మాత్రం అంత లోతు లేదు.

ఇక యంత్రం లోపలికి. ఎనిమిది ముక్కలు చేతికొస్తాయి. వాటిలో ఐదు దాకా వేయవచ్చు. నాలుగుసార్లు వేయడానికి, మూడుసార్లు పారేసి కొత్తవి తీసుకోవడానికి అవకాశం. మొదటి గడప 300 పాయింట్లు. ప్రతి చేతికీ రెండు అంకెలు ఉంటాయి, చిప్స్ ఒకటి, గుణకం ఒకటి. రెండిటినీ గుణిస్తే వచ్చేది స్కోరు. ఐదు ఆటీన్లు వేశామనుకోండి: ఆసు, రాజు, తొమ్మిది, ఏడు, నాలుగు. కలర్‌కు పునాది 35 చిప్స్, గుణకం 4. ముక్కల విలువ 11, 10, 9, 7, 4 కలిపితే 41. మొత్తం 76, నాలుగుతో గుణిస్తే 304. గడప దాటేశాం. రాజుల జత వేసి ఉంటే? పునాది 10, ముక్కలు 20, గుణకం 2, మొత్తం 60. నాలుగుసార్లూ అలాగే వేసినా గడప దాటలేం.

ఇప్పుడు జోకర్లు. ఒక జోకరు గుణకానికి 4 కలుపుతుంది. ఇంకొకటి కలర్ వేస్తే గుణకాన్ని రెట్టింపు చేస్తుంది. లెక్క ఎడమనుంచి కుడికి నడుస్తుంది కనుక ఏది ముందు కూర్చుందన్నది ముఖ్యం. కలిపేది ముందుంటే 4కు 4 చేరి 8, రెట్టింపై 16, స్కోరు 1216. రెట్టింపు చేసేది ముందుంటే 4 కాస్తా 8 అయి, దానికి 4 చేరి 12, స్కోరు 912. ముక్కలవే, జోకర్లవే, స్థానం మారితే 304 తేడా. ఐదో తరగతిలో కూడికా గుణకారాల వరసక్రమం నేర్పలేక చేతులెత్తేసే మాస్టార్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఆటలోని ఎనిమిది అంచెల్లో చివరిదాని ఆఖరి గడప లక్ష. అక్కడిదాకా కూడికతో పోలేం, గుణకారం మీద గుణకారం పేర్చాలి. పేర్చడం తెలిసినవాళ్లు గెలిచాక కూడా ఆపరు. కంప్యూటరు మామూలుగా అంకెలను దాచుకునే 64 బిట్ల పెట్టెలో పట్టే అతిపెద్ద సంఖ్య సుమారు 1.8ని పది 308వ ఘాతంతో గుణిస్తే వచ్చేది. స్కోరు దాన్ని దాటితే తెర మీద అంకె పోయి అర్థంలేని అక్షరాలు వస్తాయి. అభిమానులకు అదే కైలాసం.

గుణకారం కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అదృష్టాన్ని మలిచే తీరు. బాగా కలిపిన పేకలోంచి ఐదు ముక్కలు తీస్తే ఐదూ ఒకే జాతి కావడానికి అవకాశం 0.2 శాతం, అంటే ఐదువందలసార్లలో ఒకసారి. ఎనిమిది తీసి అందులో ఐదు ఏరుకోనిస్తే అది 7 శాతానికి ఎగబాకుతుంది. పారేసి తీసుకోవడం ఇంకా పైమాట. బలాట్రోలో చెకర్డ్ డెక్ అని ఒకటుంది, అందులో ఇరవైయారు ఇస్పేట్లు, ఇరవైయారు ఆటీన్లు, మిగతా రెండు జాతులు లేనేలేవు. ఆ కట్టలోంచి ఎనిమిది తీస్తే కలర్ పడే అవకాశం 70 శాతం. మామూలు పేకతో మొదలుపెట్టినవాడు కూడా అనవసరమైన ముక్కలు తీసిపారేస్తూ, కొన్నిటి జాతి మారుస్తూ, మెల్లగా ఆ వైపే నడుస్తాడు. విధి పంచిన ముక్కలతో ఆడటం పాత పేకాట. ఇక్కడ విధి చేతిలోని కట్టనే సవరిస్తున్నాం.

దీనికి దగ్గరి మాట మన న్యాయస్థానాల్లో ఎప్పుడో వినబడింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడిచేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ పేర్లతో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు 1968 నివేదికల్లో అచ్చయింది. మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడంలో నైపుణ్యం ఉందని కోర్టు చెప్పింది. దేశంలో రమ్మీ మీద ఏ వాదన వచ్చినా వకీళ్లు ఇప్పటికీ ఆ తీర్పే తీస్తారు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న ఆ తేల్చుకోవడమే బలాట్రోలోనూ ఆటంతా.

తేడా పైసలది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న వివాదాన్నే పక్కకు నెట్టింది. డబ్బు పెట్టి, డబ్బు వస్తుందన్న ఆశతో ఆన్‌లైన్‌లో ఆడేది ఏదైనా నిషిద్ధమే. పేకాట శిబిరం మీద దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు స్వాధీనం అన్న వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నేళ్లుగానో చదువుతున్నవాడిగా నాకు ఈ గీత సరైనచోటే గీశారనిపిస్తుంది. ఇల్లు గుల్లచేసేది ఇస్పేటు రాణి కాదు కదా.

ఐరోపా ఈ గీతను మొదట వేరేచోట గీసింది. అక్కడి వయసు ముద్రలు వేసే పెగీ సంస్థ బలాట్రోకు జూదపు బొమ్మలున్నాయంటూ 2024 మార్చిలో పద్దెనిమిదేళ్ల ముద్ర కొట్టింది. కొన్ని దేశాల దుకాణాల్లో ఆట కొన్నాళ్లు కనబడకుండా పోయింది. డబ్బిచ్చి తెరవాల్సిన లాటరీ పొట్లాలున్న ఫుట్‌బాల్ గేమ్‌కేమో మూడేళ్ల పిల్లలు ఆడవచ్చన్న ముద్ర! లోకల్‌థంక్ దీన్ని బాగా ఎగతాళి చేశాడు. 2025 ఫిబ్రవరిలో అప్పీలు మీద ఆ ముద్ర పన్నెండుకు దిగింది. వేసవి సెలవుల్లో గాడిదాట ఆడుతూ పెరిగిన మనకు ఈ గొడవ వింతగానే ఉంటుంది. తన ఆటను ఏ జూదశాలకూ, ఏ బెట్టింగ్ కంపెనీకీ అమ్మకూడదని లోకల్‌థంక్ తన వీలునామాలోనే రాయించాడు.

అయితే పందెం లేనంత మాత్రాన లాగుడు లేదనుకోకూడదు. తొలకరి పడగానే తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి వెతుకుతారు. ఎప్పుడో ఎవరికో దొరికిందన్న వార్త చాలు, రాళ్లే తగులుతున్నా మరో గట్టు దాకా పోతారు. ఎన్నోసారికి ఫలితం వస్తుందో తెలియనప్పుడు ప్రయత్నం ఆగదని ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు పావురాల మీద ప్రయోగాలు చేసి 1957లో పుస్తకమే రాశారు. బలాట్రో దుకాణంలో తర్వాతి జోకరు ఏదన్న ఆశకూ ఆ సూత్రమే మూలం. ఇక్కడ పోయేది నిద్ర. అది చిన్న నష్టమని నేననను, ఫోనులో కూడా దొరుకుతోంది కాబట్టి మరీనూ.

గంజీఫాను బలాట్రోలా మార్చాలని ఎవరైనా కూర్చుంటే మొదటి అడ్డంకి లెక్కలోనే వస్తుంది. 120 ముక్కల్లోంచి ఎనిమిది తీస్తే ఐదు ఒకే అవతారానివి అయ్యే అవకాశం మళ్లీ ఆ 0.2 శాతమే. ఆట కదలదు. నాలుగు కలిస్తే చాలని సడలిస్తే 3 శాతం దాటుతుంది. పారేసి తీసుకోవడానికి మూడు అవకాశాలిస్తే అది ఆడదగ్గ ఆటే అవుతుంది. సగం జాతుల్లో పది పెద్దది, సగంలో ఒకటి పెద్దది కాబట్టి, ఒక జాతి లెక్కను తిరగేసే జోకరు అక్కడ సహజంగా ఇమిడిపోతుంది. పగలు రాముడు, రాత్రి కృష్ణుడు అన్న నియమానికి ఫోనులో గడియారం ఉండనే ఉంది.