బానెట్టు కింద ఉప్పు

దసరాకి వాహనపూజ చేయించే ముందు కారుని తళతళలాడేలా కడగడం మనవాళ్లకి ఆనవాయితీ. ఇప్పుడు పైపైన కడగడంతో ఆగకుండా, బానెట్టు ఎత్తి ఇంజనుని కూడా కడుగుతున్నారు. పెళ్లికి పూలు కట్టే కారైనా, అమ్మకానికి పెట్టిన కారైనా, పాతకాలపు కార్ల ప్రదర్శనకి తీసుకెళ్లే బండైనా, చూడవచ్చినవాళ్లు బానెట్టు ఎత్తకుండా వెళ్లరు. ఇంజను శుభ్రంగా ఉండాలనుకోవడం మంచిదే. నూనె జిడ్డు, దుమ్ము కలిసి పేరుకుంటే ఆయిలు ఎక్కడ కారుతోందో, కూలెంటు ఏ గొట్టం దగ్గర ఊరుతోందో కనిపించదు. ఆ పెచ్చు చెమ్మని కూడా పట్టి ఉంచుతుంది. అయితే ముదినేపల్లి, గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాల్లో ఈ పనికి ఒక చిక్కుంది. ఇక్కడ ఇంజనుకి దుమ్ము చేసే చెరుపు కంటే, ఆ దుమ్ము వదలగొట్టడానికి పైపుతో కొట్టే బోరు నీళ్లు చేసే చెరుపే ఎక్కువ.

సముద్రం దగ్గర ఊళ్లలో బండ్లు తుప్పు పట్టడానికి ఉప్పుగాలే కారణమని అందరూ అంటారు. బందరు, నాగాయలంక వైపు అది నిజం. అలలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపరల్లో పెద్దవి తీరం దగ్గరే రాలిపోతాయి, లోపలికి వచ్చేకొద్దీ గాలిలో ఉప్పు వేగంగా తగ్గుతుంది. తీరానికి దూరంగా ఉన్న ముదినేపల్లికి ఉప్పు గాలిలో వచ్చేది కొంచెమే, నేలలోంచి వచ్చేది చాలా. దాదాపు 6000 ఏళ్ల కిందట తీరరేఖ కొల్లేరు దరిదాపుల్లో ఉండేదని, తర్వాత కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రుతో నేల సముద్రంలోకి పెరుగుతూ వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ పాత సముద్రపు ఉప్పు పొరల మధ్య ఇంకా ఉంది. అందుకే ఈ ఊళ్లలో తాగడానికి బోరు నీళ్లని నమ్ముకోలేదు. కాలువ వచ్చినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకుని, అది అడుగంటేదాకా వాడుకుంటూ వచ్చారు. నోట పోసుకోవడానికి పనికిరాదని తాతల నాడే తేల్చిన నీటిని రాగి తీగల మీద ధారగా కొడుతున్నామన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టడం లేదు.

లీటరుకి 2 గ్రాముల లవణాలున్న నీరు అనుకుందాం. తాగునీటిలో వేరే దారి లేనప్పుడు మాత్రమే ఒప్పుకునే గరిష్ఠ పరిమితి అది. కడిగాక ఇంజను సందుల్లో, బోల్టుల గుంటల్లో, వైర్ల కట్టల్లో పావు లీటరు నిలిచిందనుకుంటే నీరు ఆవిరై అర గ్రాము ఉప్పు మిగులుతుంది. పదిసార్లు కడిగితే 5 గ్రాములు. ఎండిపోయింది కదా అని ఊరుకోవడానికి లేదు, ఎందుకంటే గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. ఉప్పునీటిలో ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. మన డెల్టాలో తెల్లవారుజామున తేమ ఎంతుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. కరిగిన ఉప్పు విద్యుత్తుని పారనిస్తుంది. అల్యూమినియాన్ని కాపాడే పలుచని ఆక్సైడు పొరని అందులోని క్లోరైడు చీలుస్తుంది, తెల్లటి పొడి కనిపించేది ఆ చోటే. ఇనప బోల్టు పక్కనే ఉంటే తినివేత ఇంకా జోరందుకుంటుంది. రాగి చివర్లకి చిలుము పడుతుంది. ఆ చిలుము ఖరీదు లెక్క కట్టవచ్చు. స్టార్టు చేసేటప్పుడు సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, బ్యాటరీ టెర్మినల్ దగ్గర ఓమ్‌లో నూరోవంతు నిరోధం పెరిగినా 12 వోల్టుల్లో 2 వోల్టులు అక్కడే పోతాయి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు పంపే సంకేతమే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఉంటుంది, దాని సాకెట్‌లో ఉప్పుచెమ్మ చేరితే కంప్యూటరుకి అందే లెక్కే తప్పుతుంది.

ఇంత భయపడాలా, వానలో తడుస్తూ మడుగులు దాటే కారుకి నాలుగు బకెట్ల నీళ్లతో ఏమవుతుందని అడగవచ్చు. సరైన ప్రశ్నే. మొదటి తేడా, వాననీటిలో ఉప్పు నామమాత్రం. రెండోది ఒత్తిడి. చాలా కనెక్టర్లు మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకోవాలన్న ప్రమాణంతో తయారవుతాయి. మీటరు నీటి ఒత్తిడి వాతావరణ పీడనంలో పదోవంతే. ఇళ్లలో వాడే ప్రెషర్ వాషర్లు 100 బార్ వరకూ ఇస్తాయి, అంటే యంత్రం దగ్గర దానికి వెయ్యి రెట్లు. దూరం పెరిగేకొద్దీ ధార బలం తగ్గుతుంది నిజమే, కానీ ఇరుకు సందులో నాజిల్ దూరంగా పట్టే వీలెక్కడ? మూడోది, ఎక్కువ మంది పట్టించుకోనిది, వేడి. వేడి అన్నం గిన్నెకి మూత బిగిస్తే చల్లారాక ఊడిరాదు, లోపలి గాలి కుంచించుకుపోయి మూతని లాగిపట్టుకుంటుంది. 90 డిగ్రీల వేడిలో ఉన్న సాకెట్ మీద చన్నీళ్లు పడి అది 30కి దిగితే లోపలి పీడనం ఆరోవంతు పడిపోతుంది. చుట్టూ ఉన్నది నీరే కాబట్టి రబ్బరు సీలులో సన్నని చీలిక ఉన్నా ఆ నీటినే లోపలికి పీలుస్తుంది. పదేళ్ల బండిలో రబ్బరు గట్టిపడి ఉంటుంది కాబట్టి చీలిక ఉండే అవకాశమే ఎక్కువ.

సర్వీసింగ్ షెడ్లలో రోజూ ఇలాగే కడుగుతున్నారు, ఏ బండీ ఆగిపోలేదన్నది ఇంకో వాదన. ఆ రోజు ఆగదు. చిలుము నెలల తరబడి పెరిగే జబ్బు. సంక్రాంతికో వేసవికో బండి మొరాయిస్తే దసరాకి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. కడిగాక డీజిలో కిరోసినో పిచికారీ చేస్తే తుప్పు పట్టదనే మాటలో కొంత నిజముంది, నూనె పొర నీటిని దూరంగానే ఉంచుతుంది. కానీ కూలెంటు గొట్టాల రబ్బరు సాధారణంగా నూనెలకి ఉబ్బి మెత్తబడే రకం. పైగా ఆ పొర మీద ఊక, దుమ్ము మరింత అంటుకుంటాయి. అన్నిటికీ మించి, కిరోసిన్ 40 డిగ్రీల దరిదాపుల్లోనే మంటపట్టే ఆవిరినిస్తుంది. వేడెక్కిన ఎగ్జాస్టు పక్కన దాన్ని చల్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఈ అలవాటు మానాల్సిందే.

మరి ఎలా కడగాలి? నా అభిప్రాయంలో, కడగడం కంటే తుడవడమే ఎక్కువగా ఉండాలి. ఇంజను చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక బ్యాటరీ మైనస్ తీగ ముందు విప్పాలి. ప్లస్‌తో మొదలుపెడితే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. రేడియేటరు ముందు ఇరుక్కున్న గడ్డినుసి, అద్దం కింద తూముల్లో కుళ్లిన ఆకులు, ఎలకలు చేర్చిన చెత్త, ఇవన్నీ పొడి బ్రష్షుతోనే వస్తాయి. ఎలకలు వైర్లు కొరికాయేమో అప్పుడే చూసుకోవచ్చు. డైనమో, ఫ్యూజు బాక్సు, గాలి పీల్చే గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచులు కట్టాలి. జిడ్డున్న చోట ఇంజను డీగ్రీజరు రాసి, కాసేపు నాననిచ్చి, తడిగుడ్డతో తుడిచేస్తే చాలు. నీళ్లకి పెద్ద ఖర్చేమీ లేదు, ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల టిన్నులో సగం సరిపోతుంది. మన బోరు ఎంత ఉప్పనో తెలియాలంటే రొయ్యల చెరువుల దగ్గర సెలైనిటీ కొలిచే పరికరం ఉండనే ఉంది. వనామీ రైతు నీటిలో ఒక్క పీపీటీ తేడా వచ్చినా పట్టుకుంటాడు, ఆ శ్రద్ధలో పిసరంత బండికీ చూపవచ్చు. బ్యాటరీ చివర్ల మీది తెల్లపొడికి వంటసోడా నీళ్లు మంచి మందు. యాసిడ్ విరిగి నురగ పొంగుతుంది. సెల్ మూతల్లోకి మాత్రం చుక్క పోకూడదు. ఆరాక పెట్రోలియం జెల్లీ పట్టిస్తే చెమ్మ అంటదు. నారింజ రంగు కేబుళ్లున్న హైబ్రిడ్, విద్యుత్ కార్లలో మాత్రం ఆ కేబుళ్ల జోలికే వెళ్లకూడదు. అక్కడుండేది వందల వోల్టులు.

ఈ పని పూజ రోజు పొద్దున కాకుండా రెండు మూడు రోజుల ముందే చేసుకోవాలి. సంచులు విప్పి, తీగ బిగించి, బానెట్టు ఎత్తే ఉంచి ఇంజనుని పావుగంట నడిపితే ఆ వేడికే సందుల్లోని తడి చాలావరకు పోతుంది. మిగిలిన చెమ్మని ఎండకి వదిలేయాలి. ఆ రెండు రోజుల్లో ఎక్కడైనా కొత్తగా నూనె చెమర్చినా, కూలెంటు చుక్క కనిపించినా, పండగ ప్రయాణానికి ముందే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లే వ్యవధి ఉంటుంది.