బీరువాలో ట్రంకుపెట్టె

పిల్లలూ, ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు కాపురముంటూ, ప్రతి కుటుంబమూ "ఈ ఇల్లంతా మాదే" అనుకుంటే ఎలా ఉంటుంది? మనుషుల్లో ఇది సాగదు. కంప్యూటర్లలో మాత్రం రోజూ సాగుతున్నది. ఒక పెద్ద కంప్యూటరులో పదో ఇరవయ్యో మాయా కంప్యూటర్లను నడపవచ్చును. వీటిని అతిథులంటారు. తాను వేరే యంత్రాన్నని ప్రతి అతిథికీ నమ్మకం. వీటన్నిటినీ కనిపెట్టి చూసే ప్రోగ్రాము పేరు హైపర్‌వైజర్. ఇది నిన్నమొన్నటి సంగతి కాదు, ఐ.బి.ఎం. కంపెనీవారు 1972లోనే వి.ఎం./370 పేరుతో ఇటువంటి ఏర్పాటు తెచ్చారు.

చిక్కల్లా జ్ఞాపకం దగ్గర. కంప్యూటరు జ్ఞాపకాన్ని పుటలుగా విభజిస్తారు. సాధారణంగా పుటకు 4096 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన "అ"కు మూడు కావాలి. "కి"కి, గుడి వేరే గుర్తు గనుక, ఆరు! అందరూ ఒకేసారి అన్ని పుటలూ వాడరు గదా అనే ధైర్యంతో హైపర్‌వైజర్ ఉన్నవాటికంటె ఎక్కువ పుటలు ఇస్తానని మాట ఇస్తుంది. ఏదో ఒకనాడు అందరూ అడగనే అడుగుతారు. అప్పుడు ఎవరి పుటలు తీసుకోవాలి?

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉండగా ఇటువంటి చిక్కే వచ్చింది. ఉపాధ్యాయుల బీరువాలు నిండిపోయి, కొత్త పుస్తకాలకు చోటు లేకపోయింది. పాతగా కనిపించిన కట్టలన్నీ నేనే అటకెక్కించాను. మర్నాడే లెక్కల మేష్టారు వచ్చి, "అయ్యా, పరీక్ష మార్కులు అందులోనే ఉన్నాయండీ" అన్నారు. ప్యూను నిచ్చెన వేసుకుని పూటంతా వెతికాడు. ఏది కావాలో బీరువా వాడేవారికి తెలుసుగాని, నాకేం తెలుస్తుంది?

హైపర్‌వైజరుదీ అదే అవస్థ. అతిథి పుటలను తీసి డిస్కుమీద పెట్టగలదు, కాని ఏది అక్కరలేనిదో ఎరగదు. డిస్కంటే అటకే, కొత్తరకం డిస్కయినా జ్ఞాపకం కంటె వందల రెట్లు ఆలస్యం. ఇంకో వింత వినండి. హైపర్‌వైజర్ అటకెక్కించిన పుటనే, ఆ సంగతి తెలియని అతిథి తానూ డిస్కుమీద పెట్టాలనుకుంటుంది. అప్పుడు ఆ పుటను కిందికి దింపాలి. ఎందుకు? మళ్ళీ పైకెక్కించడానికి!

2002లో వి.ఎం.వేర్ కంపెనీకి చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ ఒక పరిశోధన పత్రంలో చక్కని ఉపాయం వివరించాడు. దాని పేరు బుడగ. బడి భాషలో చెబుతాను. ప్రతి మేష్టారి బీరువాలోనూ నేనొక ఖాళీ ట్రంకుపెట్టె పెట్టాననుకోండి. చోటు తగ్గిందని మేష్టారే తనకు అక్కరలేనివి ఏరి తీసేస్తారు. పెట్టె లోపలి చోటు మాత్రం నాది! బుడగ చేసేదీ ఇదే. అతిథి లోపల ఉండే ఈ చిన్న ప్రోగ్రాము, హైపర్‌వైజర్ చెప్పగానే పుటలు అడిగి పుచ్చుకుని ఉబ్బుతుంది. అతిథి ముందు ఖాళీ పుటలిస్తుంది. చాలకపోతే తానే ఎంచి కొన్నిటిని డిస్కుకు పంపుతుంది. బుడగ పట్టిన పుటలు మరొక అతిథికి చేరుతాయి. రద్దీ తగ్గగానే బుడగ ముడుచుకుంటుంది. అవసరం మరీ హఠాత్తుగా వస్తే మాత్రం బుడగ అంత త్వరగా ఉబ్బలేదు. అప్పుడు అటకే గతి.

ఏ అతిథి పుటలు ఊరికే పడి ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ఆ పత్రం నాటి పద్ధతిలో 30 సెకండ్లకొకసారి ఏవో 100 పుటలు ఎంచి, వాటిని ఎవరైనా ముట్టుకున్నారా అని చూసేవారు. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నాలుగు నోటుపుస్తకాలు తిరగేసి తరగతి సంగతి గ్రహించినట్లే.

అదే పత్రంలో మరో పొదుపు కూడా ఉన్నది. ఇద్దరు అతిథుల వద్ద అచ్చంగా ఒకే పుట ఉంటే, ఒక ప్రతి ఉంచి రెండోది తీసేస్తారు. ఎవరైనా దానిలో రాయబోతే, అప్పటికప్పుడు వారికి వేరే ప్రతి చేసి ఇస్తారు. బాగానే ఉంది గాని, ప్రతి చేయడానికి కొంచెం సేపు పడుతుంది. ఒక దొంగ అతిథి తన పుటలో ఏదో ఊహించి రాసి, కాసేపాగి మళ్ళీ రాస్తాడు. ఆలస్యమైతే, అచ్చం అటువంటి పుట పక్కవాడి దగ్గరా ఉందన్నమాట! గోడ దూకకుండానే గుట్టు తెలిసిపోయింది. ఇటువంటి భయాలతో 2014లో ఆ కంపెనీవారు, అతిథుల మధ్య పుటలు పంచే పద్ధతిని మామూలుగా ఆపి ఉంచి, కావాలన్నవారే పెట్టుకునేలా మార్చారు. కొంత చోటు నష్టమే. నా మట్టుకు నేను వారు చేసిన పని సరే అంటాను. నా విద్యార్థుల మార్కులు పక్క బడివాళ్ళు అలా పసిగడితే నేనూ ఊరుకునేవాణ్ణి కాను.