డిటెక్టివ్ యుగంధర్‌ను కన్న తెనాలి రచయిత

భూగోళం పుస్తకం చాటున మరియొక పుస్తకం దాచుకొని చదివిన తరం ఒకటి ఆంధ్రదేశంలో ఉన్నది. ఆ రెండవ పుస్తకం అట్టమీద తరచుగా కనిపించిన పేరు కొమ్మూరి సాంబశివరావు. ఉపాధ్యాయులు దానిని లాగుకొని బల్ల సొరుగులో పడవేసేవారు. సాయంకాలం వారే దానిని ఇంటికి తీసికొనిపోయి చదివేవారని శిష్యుల అనుమానం. అది నిరాధారమని నేననను.

సాంబశివరావు 1926లో తెనాలిలో జన్మించినారు. చలానికి ఆయన సోదరుని కుమారుడు. తల్లి పద్మావతీదేవి రచయిత్రి, రంగస్థల నటి. సోదరి ఉషారాణి భాటియా కూడా రచయిత్రియే. అటువంటి ఇంట పుట్టినవాడు భావకవిత్వమో, సంఘాన్ని నిలదీసే నవలయో వ్రాయగలడని ఎవరైనా ఊహిస్తారు. ఆయన హత్యలను ఎన్నుకున్నారు! ‘ఉరితాడు’, ‘చావుకేక’, ‘లక్షాధికారి హత్య’ అన్న పేర్లు చూచి పెద్దలు మొగం చిట్లించినారంటే ఆశ్చర్యం లేదు.

అపరాధ పరిశోధన తెలుగువారికి ఆయనతోనే మొదలు కాలేదు. దేవరాజు వేంకటకృష్ణారావుగారి ‘వాడే వీడు’ 1912 నాటిది. వంగభాషనుండి అనువాదాలూ వచ్చినవి. కాని పాఠకుడు తన ఇంటివానివలె భావించుకొన్న పరిశోధకుడు మాత్రం కొమ్మూరివారి యుగంధరే. మద్రాసు నగరం అతని రంగస్థలం. రాజు అతని సహాయకుడు. షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్ ఎట్లో యుగంధర్‌కు రాజు అట్లు అనుకొనవచ్చును గాని, వాట్సన్ వలె రాజు కథ చెప్పడు. పరుగులెత్తుతాడు, దెబ్బలు తింటాడు, పాఠకుడు అడుగదలచిన ప్రశ్న తానే అడుగుతాడు. ఆ ప్రశ్న లేనిదే అపరాధ నవల నడువదు. పరిశోధకుని మనస్సులో ఉన్నదంతా ముందే తెలిసిపోతే కథ ముగిసినట్లే. ఏమీ తెలియకపోతే పాఠకుడు పుస్తకం మూసివేస్తాడు.

ఆంగ్లేయులలో ఈయనకు పోలిక వెదకవలసివస్తే అగాథా క్రిస్టీ కాదు, ఎడ్గార్ వాలెస్. క్రిస్టీ పాఠకుని కూర్చుండబెట్టి ఆలోచింపజేస్తుంది. వాలెస్ చేయిపట్టుకొని పరుగెత్తిస్తాడు. ఆ వాలెస్ 1905లో ‘ది ఫోర్ జస్ట్ మెన్’ను సొంత ఖర్చుతో ప్రచురించి, అందులోని హత్య ఎట్లు జరిగినదో చెప్పినవారికి 500 పౌనుల బహుమానాలు ప్రకటించినాడు. సరియైన సమాధానం ఎందరు పంపినా ఇవ్వవలసి వచ్చేటట్లు ఉన్నది ఆ ప్రకటన! పుస్తకం విరివిగా అమ్ముడుపోయి కూడా అతడు అప్పులలో మునిగినాడు. పాఠకుని తెలివిని తక్కువగా అంచనా వేసిన ఫలితమది.

మన విమర్శకులు చేసినదీ ఇంచుమించు ఆ పొరపాటే. ఇవి కాలక్షేపపు పుస్తకాలని తేల్చి పక్కన పెట్టినారు. కొమ్మూరివారి నవలలన్నీ ఒక్క ఎత్తున లేవు. అపరాధి కొన్నిట తర్కంకంటె తటస్థించిన అవకాశంవల్లనే దొరుకుతాడు. అయినా చిన్న వాక్యం, సూటియైన సంభాషణ, ఏ పల్లెవాడైనా తడుముకోకుండా చదువగల తెలుగు – వీటిని తక్కువ చేయరాదు. కొత్తపట్నం వంటి సముద్రతీర గ్రామంలో పెద్ద గ్రంథాలు పట్టుకొనే ఓపిక లేని కుర్రవాడు ఒంగోలు బజారులో అద్దెకు తెచ్చిన యుగంధర్‌ను కిరసనాయిలు దీపం ముందర తెల్లవారులూ చదివినాడంటే, ఆ రాత్రి అతనికి చదువు అలవాటు చేసినది ఎవరు? పాఠ్యపుస్తకం కాదు.

ఇంకొక మాట. ‘సమగ్రాంధ్ర సాహిత్యం’ రచించిన ఆరుద్రను పండితులందరూ గౌరవిస్తారు. కవుల కాలనిర్ణయానికి ఆయన పుటలు తిరుగవేస్తారు. ఆ ఆరుద్రయే ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలు వ్రాసినాడన్న సంగతి మాత్రం ఉపన్యాసాలలో వినబడదు. శాసనంలోని చెరిగిన అక్షరాన్ని పట్టుకొని కవి కాలం తేల్చుటకూ, గ్లాసుమీది గుర్తును పట్టుకొని హంతకుని తేల్చుటకూ కావలసిన బుద్ధి ఒక్కటే కాబోలు.

సాంబశివరావు 1994లో కన్నుమూసినారు. అప్పటికే టెలివిజన్ ఇంటింటా వెలిసినది; అద్దె పుస్తకాల దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నవి. ఆ నవలలను చౌక కాగితంమీద అచ్చువేసి, చేతులు మారి మారి చిరిగిపోవుటకే అమ్మినారు. అందుచేత చెదరని పాత ప్రతి దొరుకుట అరుదు. దొరికినచోట కడపటి పుట ఉన్నదో లేదో ముందుగా చూచుకొనవలె.