తీగ లోపల ఏముంది? ఊద్ నుంచి డబుల్ బాస్ దాకా

ఉనైజా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఊద్ కొన్నా. రెండు తీగలు తెగితే గిటార్ స్టీల్ తీగలు వేశా. పొద్దున చూస్తే తీగలు కట్టే చెక్క లేచిపోయి ఉంది. తీగే కదన్నా, ఏదైతే ఏంటి?"

ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. వినడానికి టైం లేనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. పూర్తి మాటలు కింద ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి.

ముందు పెద్ద తీగ సంగతి చూద్దాం. డబుల్ బాస్ అంటే మనిషి పక్కన నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. ఉమ్ కుల్సూమ్ పాటలు వినండి, అడుగున గుమ్ముమని మోగుతుంది. దాని అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే ఊగుతుంది. తీగ అంత నెమ్మదిగా ఊగాలంటే మూడు దారులు: పొడుగు పెంచాలి, బిగువు తగ్గించాలి, బరువు పెంచాలి. పొడుగు ఇప్పటికే మీటరు దాటింది, ఇంకా పెంచితే చెయ్యి అందదు. బిగువు తగ్గిస్తే తీగ వేలాడి చప్పుడు చచ్చిపోతుంది. ఇక మిగిలింది బరువు.

పాతకాలంలో తీగలు గొర్రె పేగుతో చేసేవాళ్లు. ఒట్టి పేగుతోనే ఆ లావు తీగ చేస్తే 5 మిల్లీమీటర్లు దాటుతుంది. అంత మందమైన తీగ సరిగ్గా వంగదు, స్వరం మసకగా వస్తుంది. అందుకని 1660ల నాటికి ఒక ఉపాయం వచ్చింది: లోపల సన్నటి పేగు, దాని మీద లోహపు తీగ చుట్టు. లాగుడంతా లోపలిది మోస్తుంది, బరువు పైచుట్టు ఇస్తుంది. లోపలి దాన్నే కోర్ అంటారు. మన వీణలో మంద్ర, అనుమంద్ర తీగలు కూడా ఇలాంటి చుట్టు తీగలే.

ఇవాళ డబుల్ బాస్‌కి ముఖ్యంగా మూడు రకాల కోర్‌లు దొరుకుతాయి.

పేగు కోర్: చప్పుడు మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. కానీ గాలిలో తేమ మారితే శ్రుతి మారిపోతుంది. ఉనైజా లాంటి పొడి ఊళ్లో, ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన ప్రతిసారీ శ్రుతి చేసుకోవాల్సిందే. ఖరీదు కూడా ఎక్కువ.

సింథటిక్ కోర్: నైలాన్ లాంటి పోగులు. చప్పుడు పేగుకి దగ్గరగా ఉంటుంది, తేమ గొడవ తక్కువ. కొత్తగా వేసినప్పుడు కొన్ని రోజులు సాగుతూ ఉంటుంది, ఓపిక పట్టాలి.

స్టీల్ కోర్: ఇందులో మళ్లీ రెండు. ఎలక్ట్రీషియన్ అన్నలకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సింగిల్ కోర్ వైరు బిర్రుగా ఉంటుంది, మల్టీ స్ట్రాండ్ వైరు చెప్పినట్టు వంగుతుంది కదా? తీగలోనూ అంతే. ఒంటి స్టీల్ కోర్ బిరుసు. సన్నటి పోగులు పేనిన తాడు కోర్ మెత్తగా వంగి, స్వరం తేటగా, ఎక్కువసేపు మోగేలా చేస్తుంది. జాజ్ వాయించేవాళ్లు బాగా వాడే స్పైరోకోర్ ఈ రకమే.

ఇప్పుడు తమ్ముడి ఊద్ దగ్గరికి వద్దాం. ఊద్‌లో సన్న తీగలు ఒట్టి నైలాన్. లావు తీగల్లో లోపల నైలాన్ పోగులు, పైన వెండిపూత రాగి చుట్టు. ఒక్కో తీగ లాగేది సుమారు 3–4 కిలోలు. అకూస్టిక్ గిటార్ స్టీల్ తీగ తన శ్రుతిలో 10 కిలోల పైనే లాగుతుంది. డబుల్ బాస్ తీగ పాతిక కిలోల పైన లాగినా, దాని బ్రిడ్జి పలక మీద నిలబడి కిందికి నొక్కుతుంది, ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి లోపల గుంజలాంటి పుల్ల ఉంటుంది. ఊద్‌లో అలా కాదు. బ్రిడ్జిని పల్చటి పలక మీద జిగురుతో అతికిస్తారు, తీగలు దానికే కడతారు. అంటే లాగుడంతా ఆ జిగురు మీదే. అందుకే లేచింది.

తమ్ముడూ, ఇప్పుడు చేయాల్సింది ఇది. మిగిలిన తీగలన్నీ వెంటనే వదులు చెయ్యి. సూపర్ గ్లూ మాత్రం పెట్టకు, తర్వాత బాగుచేసేవాడికి అది పెద్ద తలనొప్పి. ఊద్‌లు రిపేర్ చేసేవాళ్లకి ఫోటో పంపి, ముందే రేటు అడుగు. పలక చీలకపోతే మళ్లీ అతికించొచ్చు. కొనేటప్పుడు "ఊద్ తీగల సెట్" అనే అడుగు, తీగల పొడుగు కొలిచి చెప్పు. ఇక ముందు తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చు. ఎండలో కారులో వదిలెయ్యకు, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకు.

ఉనైజా సామరీ పాటకి పేరున్న ఊరు. ఊద్ బాగయ్యాక అక్కడివాళ్లతో కూర్చుని ఒక పాట వాయించి పంపు. వచ్చే ఎపిసోడ్ మొదట్లో అదే వేస్తాం.